మా రోజుల్లో ఊరికి డంపింగ్ యార్డు లేదు

ఈమధ్య మా ఊళ్ళో పదిమంది చేరిన చోటల్లా ఒకటే గొడవ. చెత్త ఎక్కడ పొయ్యాలి? శ్మశానం పక్కన పోస్తే ఆ వైపు పేటవాళ్ళు ఊరుకోరు. బడి వెనక పోస్తే తల్లిదండ్రులు పంచాయతీ ఆఫీసు మీదికి వస్తారు. పొలం అమ్మేవాడు దొరకడు, దొరికినా డెల్టాలో ఎకరం ధర పంచాయతీకి అందదు. చివరికి అడిగేవాడు లేని చోటు కాలవ గట్టు ఒక్కటే మిగిలింది. రోజూ పొద్దున్నే ట్రాక్టరు వెళ్ళి అక్కడే గుమ్మరించి వస్తోంది.

మా రోజుల్లో ఈ గొడవే లేదు. అప్పుడు జనం తక్కువనుకోకండి. ఒక్కో ఇంట్లో పదిమంది తినేవారు. గేదెలు, ఎద్దులు, దూడలు, కోళ్ళు సరేసరి. వండేదీ ఊడ్చేదీ ఇప్పటికంటే ఎక్కువే. అయినా ఊరవతల పారబోయడానికి ఏమీ మిగిలేది కాదు. ఇంట్లో పుట్టిన ప్రతి పనికిరాని వస్తువుకీ వెళ్ళే చోటు ఒకటి ఉండేది: పశువు నోట్లోకో, పొయ్యిలోకో, అరటిపాదులోకో, పెంటదిబ్బ మీదికో. నేను గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ణి కనుక మా వైపు సంగతే చెబుతాను. మెట్ట ఊళ్ళకు వెళ్ళినా, తెలంగాణ పల్లెలకు వెళ్ళినా పేర్లు మారతాయేమో కానీ పద్ధతి ఇదే.

వంటింటి నుంచే మొదలుపెడదాం. బియ్యం కడిగిన నీళ్ళు ఎవరూ తూములోకి వదిలేవారు కాదు. దొడ్లో కుడితి గోలెం ఉండేది. కడుగునీళ్ళు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, రాత్రి మిగిలిన అన్నం, పులిసిన మజ్జిగ అన్నీ అందులోకే. సాయంత్రం కాస్త తవుడు, తెలకపిండి కలిపి పెడితే పాడిగేదె మూతి ముంచి అడుగుదాకా తాగేది. అరటితొక్క వీధిలోకి విసిరితే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. "గేదె నోట్లోకి పోయేదాన్ని మట్టిపాలు చేస్తావేంట్రా" అని కేకలేసేది. ఆ తొక్క తీసి గోలెంలో వేసి వచ్చేదాకా ఆవిడ కళ్ళు మన మీదే ఉండేవి.

పొయ్యి బూడిదకు నాలుగు పనులు. కాస్త అంట్లకు. బూడిద, చింతపండు పిప్పి, కొబ్బరిపీచు ఉంటే ఇత్తడి గిన్నె మెరిసిపోయేది. కాస్త చిక్కుడుపాదుకు. ఆకుల మీద చల్లితే పేనుబంక తగ్గేది. కాస్త విత్తనాలకు. పెసలు, మినుములు పురుగు పట్టకుండా బూడిద కలిపి కుండలో పోసి ఉంచేవారు. మిగతాది దిబ్బ మీదికి. అంట్లు తోమిన నీళ్ళు, స్నానాల నీళ్ళు అరటిపాదుకీ చేమ మడికీ పారేవి. ఇక కొబ్బరిచెట్టు నుంచి రాలిందేదీ వృథా అయ్యేది కాదు. మట్టలు పొయ్యిలోకి, ఈనెలు చీపురుకు, డొక్కలు పీచు తాళ్ళకు, చిప్ప గరిటెకు.

దిబ్బ సంగతి ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాలి. చాలామంది దాన్ని చెత్తకుప్ప అనుకుంటున్నారు. రైతుకు అది వచ్చే ఏటి పంటకు పెట్టుబడి. కొట్టం వెనకో, ఊరి చివర తన వంతు జాగాలోనో ప్రతి రైతుకీ ఒకటి ఉండేది. తెల్లవారగానే పేడ ఎత్తి అక్కడ వెయ్యాలి. దానిమీద పశువులు తొక్కి వదిలేసిన గడ్డి, మూత్రంతో తడిసిన మట్టి, వాకిలి ఊడ్చిన ఆకులు, బూడిద, ఇంటి కప్పు నుంచి దించిన పాత తాటాకు. పేడ ఒక్కటే పోస్తే కుళ్ళి కంపు కొడుతుంది. ఆకులు, గడ్డి మాత్రమే పోస్తే ఎండిపోయి ఎన్నాళ్ళయినా చివకవు. రెండూ పొరలు పొరలుగా పడితేనే మాగుతుంది. చలికాలం పొద్దున పారతో కదిపితే దిబ్బలోంచి ఆవిరి లేచేది. లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. ఆ వేడికే కలుపు గింజలు చచ్చేవి.

ఎండాకాలం కాలవలు కట్టేశాక జల్లబండి కట్టి ఎరువు పొలానికి తోలేవారు. తవ్వేటప్పుడు బొటనవేలంత లావున తెల్లటి పురుగులు బయటపడేవి. అవి కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ముపురుగు పిల్లలు. ఒక్కటీ పొలానికి పోకుండా ఏరి కోళ్ళకు వేసేవాళ్ళం. ఎరువు మాగిందో లేదో మా పెదనాన్నగారు చేత్తో తీసి చూసేవారు. పిడికిట్లో పడితే నల్లగా పొడిపొడిగా రాలాలి. పేడవాసన పోయి మట్టివాసన రావాలి. ఇది ఫలానా గడ్డిపోచ అని గుర్తుపట్టేలా ఉండకూడదు. పచ్చిగా ఉంటే "దీన్ని తోలితే చేనుకు చెదలు తోలినట్టే" అని బండి ఆపేసేవారు. మాగిన ఎరువును చేలో చిన్నచిన్న కుప్పలు పోసి, తొలకరి పడగానే చిమ్మి దున్నేవారు. మేం తిన్నదాని తొక్కలు మళ్ళీ మేం తినే గింజలోకి వెళ్ళేవి.

ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1905లో మన దేశానికి వచ్చాడు. రైతుకు పాఠం చెప్పడానికి వచ్చినవాడు రైతు దగ్గరే పాఠం నేర్చుకున్నాడు. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో ఉండి, పేడ, ఆకులు, బూడిద, మట్టి పొరలుగా వేసి ఎరువు చేసే విధానానికి కొలతలు కట్టాడు. ప్రపంచమంతా దాన్ని ఇండోర్ పద్ధతి అంటోంది. మన కొట్టాల వెనక జరిగిన పనే అది. ఇవాళ అదే సంగతి పట్నం నుంచి శిక్షణ తరగతుల పేరుతో మన ఊళ్ళకు తిరిగి వస్తోంది.

కొట్టుకు వెళ్ళేటప్పుడు చేతిలో గుడ్డసంచి ఉండేది. నూనెకు సీసా, కిరసనాయిలుకు డబ్బా మనమే పట్టుకెళ్ళాలి. కొట్టాయన పప్పును పాత పేపరులో పొట్లం కట్టి పురికొస చుట్టేవాడు. మా అమ్మ ఆ పురికొస ముడి జాగ్రత్తగా విప్పి, ఉండ చుట్టి గూట్లో పెట్టేది. పూలు అరటాకులో, మాంసం ఆకులో వచ్చేవి. సత్తుగిన్నెకు చిల్లుపడితే మాట్లు వేసేవాడు వీధిలోకి వచ్చేవాడు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు, గొడుగులు బాగుచేసేవాళ్ళు, తిరగళ్ళకు గంట్లు పెట్టేవాళ్ళు ఎవరి రోజున వాళ్ళు వచ్చేవారు. పాత ఇనుముకు ఉల్లిపాయలు ఇచ్చేవారు. నూలుచీర చిరిగితే నాలుగు కలిపి బొంత కుట్టేవారు. బొంత పాతబడితే పసిపిల్లలకు పక్కగుడ్డ. అదీ చిరిగితే మసిగుడ్డ. చివరికి దిబ్బ మీదికి. నూలు కనుక రెండు వానలకు మట్టిలో కలిసిపోయేది.

పెళ్ళి భోజనాలంటే ఊరంతా కదిలేది. వడ్డన అరటాకుల్లో. ఆకులు లేని వైపు మోదుగ విస్తళ్ళు, అడ్డాకు విస్తళ్ళు. బంతి లేవగానే ఆకులు దొడ్డివైపు వేస్తే పశువులు తినేసేవి. మంచినీళ్ళు గంగాళంలో, తాగడానికి గ్లాసులు. గుండిగలు, గంగాళాలు, గరిటెలు రామాలయంలో ఉమ్మడిగా ఉండేవి. ఎవరింట్లో శుభకార్యమైతే వాళ్ళు తెచ్చుకుని, తోమి, తిరిగి అప్పగించేవారు. ఎంత పెద్ద పెళ్ళయినా మర్నాటికి పందిరి గుంతలు తప్ప మరో గుర్తు మిగిలేది కాదు.

మా రోజుల్లో అన్నీ మంచివే అనను. అలా అంటే అన్యాయమవుతుంది. ఊరు శుభ్రంగా ఉండే భారం ఎవరి నెత్తిన ఉండేదో నాకు తెలుసు. చచ్చిన గొడ్డును ఎత్తే పని, పాకీ పని కులం పేరుతో కొందరికే కట్టబెట్టి, చేయించుకున్నవాళ్ళే వాళ్ళను దూరంగా నిలబెట్టారు. ఇళ్ళ పక్క దిబ్బల మీద ఈగలు ముసిరేవి. ఆరుబయటికి వెళ్ళే అలవాటు వల్ల చెరువులు పాడై, కలరా అన్న మాట వింటే ఊరు వణికేది. పొయ్యి పొగకు మా ఇంటి ఆడవాళ్ళ కళ్ళు ఎంత మండేవో చూశాను. 1999లో దీపం పథకం కింద గ్యాసు పొయ్యి పల్లెటూళ్ళకు వస్తే మొదట సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. మరుగుదొడ్డి రావాలి, పొగ పోవాలి, కులం పేరుతో మనిషిని తక్కువ చేసే పని పోవాలి. వీటితోపాటు, పోవలసిన అవసరం లేని మంచి పద్ధతి కూడా ఎందుకు పోయిందన్నదే నా బాధ.

అది ఒక్కరోజులో పోలేదు. ట్రాక్టరు వచ్చి ఎద్దులు వెళ్ళాయి. పాల ప్యాకెట్టు వచ్చి గేదె వెళ్ళింది. గేదె వెళ్ళాక కుడితి గోలెం ఎందుకు? పశువులు లేని కొట్టం వెనక దిబ్బ ఎందుకు? యూరియా బస్తా ఉండగా ఎరువు తోలే ఓపిక ఎవరికి? దొడ్లు పంచుకుని, అమ్ముకుని, ఇళ్ళు కట్టారు. మిగిలిన నాలుగు అడుగులూ సిమెంటు చేయించారు. గోడ నుంచి గోడ దాకా సిమెంటు ఉన్న ఇంట్లో అరటితొక్క వెయ్యడానికి పిడికెడు మట్టి లేదు. కోతమిషన్లు వచ్చాక గడ్డి కూడా చాలామందికి అడ్డమైంది. ఒకప్పుడు గడ్డిమేటు చూసి పిల్లనిచ్చేవారు. ఇప్పుడు ఆ గడ్డికే చేలో నిప్పు పెడుతున్నారు.

చెత్త పోయే దారులన్నీ ఇలా మూసుకుపోతున్న రోజుల్లోనే, ఏ దారినా పోని చెత్త ఊళ్ళోకి వచ్చింది. 1980ల్లో తమిళనాడులోని కడలూరు నుంచి షాంపూ చిన్న ప్యాకెట్లలో అమ్మడం ఊపందుకుంది. కూలికి వెళ్ళే అమ్మాయి కూడా చిల్లర డబ్బులతో షాంపూ కొనుక్కోగలిగింది. కాదనను. ఆ దారినే సబ్బుపొడి, కాఫీపొడి, పచ్చడి, కొబ్బరినూనె, చిప్సు, గుట్కా అన్నీ వచ్చాయి. ఇవాళ మా ఊరి కిళ్ళీకొట్టు ముందు నిలబడితే కొట్టాయన మొహం కనపడదు. తోరణాల్లా వేలాడే ప్యాకెట్ల సందులోంచి చెయ్యి ఒక్కటే బయటికొస్తుంది. ఆ ప్యాకెట్లలో చాలావాటికి ప్లాస్టిక్ పొర మీద మరో రకం పొర, కొన్నిటికి మధ్యలో అల్యూమినియం రేకు అతికించి ఉంటాయి. వాటిని విడదీసి కరిగించడం గిట్టుబాటు కాదు కనుక పాత సామాన్లు కొనేవాడు కన్నెత్తి చూడడు. ఆవు తినకూడదు, పొయ్యిలో వెయ్యకూడదు, మట్టి అరిగించుకోలేదు.

నా మాట నమ్మకపోతే ఎండాకాలంలో కాలవలు కట్టేశాక మా వైపు రండి. నీళ్ళున్నన్నాళ్ళూ కనపడనిదంతా అప్పుడు బయటపడుతుంది. వంతెన కింద, తూము దగ్గర ఎండిన గుర్రపుడెక్కలో చిక్కుకుని నీళ్ళ సీసాలు, బీరు సీసాలు, థర్మోకోల్ పళ్ళేలు, పిల్లల డైపర్లు, మందుబిళ్ళల రేకులు, పురుగుమందు డబ్బాలు, కోడి ఈకలు కట్టిన సంచులు. కర్రతో ఒక సంచి లాగితే దాని వెనక మరో పది వస్తాయి. కింద బురద, బురద కింద మళ్ళీ సంచులు. పూడిక తీసేవాళ్ళు దాన్నంతా ఎత్తి గట్టు మీదే పోస్తారు. తొలి వానకు సగం తిరిగి కాలవలోకి జారుతుంది.

కాటన్ దొర 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసి ఈ కాలవల్లో గోదావరిని పారించాడు. ఊరూరా ఆయన విగ్రహాలు పెట్టుకుని దండలు వేస్తున్నాం. ఆయన ఇచ్చిన కాలవలోనే చెత్త పోస్తున్నాం. జూన్‌లో నీళ్ళు వదలగానే ఆ చెత్తను తోసుకుంటూ మొదటి నీరు వస్తుంది. మా ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నిండేది ఆ కాలవ నీటితోనే. కాలవను మన చేతులతో పాడుచేసుకుని, తాగడానికి ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కుంటున్నాం. గోదావరి పక్కన పుట్టి నీళ్ళు కొనుక్కునే రోజు వస్తుందని మా నాన్నగారితో అంటే నమ్మేవారు కాదు.

పోయడం కుదరకపోతే తగలబెడుతున్నారు. సాయంత్రమైతే వీధి చివర నల్లటి పొగ. కాలిస్తే పోతుందని వాళ్ళ నమ్మకం. పీవీసీ లాంటి ప్లాస్టిక్కులు అలా ఆరుబయట కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. అవి నేలమీద, గడ్డిమీద పడి, పాలలోకి, గుడ్లలోకి చేరతాయి. భోగిమంటను చూస్తే మరీ కడుపు తరుక్కుపోతుంది. నెలరోజుల ముందునుంచీ పిల్లలం పిడకలు చేసి దండలు గుచ్చి, పాత కలప, మట్టలు పోగేసి వేసిన మంట అది. ఇప్పుడు కొన్నిచోట్ల అందులో పాత టైర్లు పడేస్తున్నారు.

ఇక పశువుల సంగతి. ప్లాస్టిక్ సంచిలో అన్నం కట్టి వీధిలో పారేస్తే, ముడి విప్పుకుని తినే చేతులు ఆవుకు లేవు. సంచితో సహా మింగుతుంది. అది కడుపులోనే ఉండిపోయి ముద్దకట్టి, మేత పట్టక, ఆకలితోనే చచ్చిపోతుంది. పుట్టపర్తిలో పశువులను కాపాడే కరుణ సొసైటీ అనే సంస్థ ఆవుల కడుపులు కోసి కిలోల కొద్దీ ప్లాస్టిక్ బయటికి తీసింది. ఆ సంస్థ 2012లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. గోవును లక్ష్మి అని పూజించే వీధుల్లోనే ఇది జరుగుతోంది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు మొదటిసారి గ్రామ పంచాయతీలకూ బాధ్యత పెట్టాయి. ప్లాస్టిక్ సంచులు, ప్యాకెట్లు మార్కెట్లోకి తెచ్చే కంపెనీలే వాటిని తిరిగి సేకరించే ఏర్పాటు చెయ్యాలన్నాయి. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు దేశమంతా నిషేధం. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తక్కువ మందం ఉన్న సంచులూ నిషేధమే. మా సంతలో చూడండి, ఊదితే ఎగిరిపోయే సంచిలోనే ఇవాళ్టికీ టమాటాలు పోస్తున్నారు. స్వచ్ఛభారత్ గ్రామీణ్ రెండో దశలో అయిదు వేల జనాభా దాకా ఉన్న ఊరికి ఘనవ్యర్థాల కోసం తలకు 60 రూపాయల దాకా ఇస్తామన్నారు. తెలంగాణలో 2019లో పల్లె ప్రగతి మొదలుపెట్టి ప్రతి పంచాయతీకీ ట్రాక్టరు సమకూర్చారు. మా వైపు చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలని షెడ్లు కట్టి, వానపాముల ఎరువుకు తొట్లు పెట్టారు. నడుస్తున్నవి నడుస్తున్నాయి. కొన్నిటికి తాళం వేసి ఉంది, తొట్లలో పిచ్చిమొక్కలు మొలిచాయి.

మా వీధికి చెత్త బండితో వచ్చే అమ్మాయిని ఒకరోజు అడిగాను, వేరుచేసి పట్టుకెళ్ళరేమమ్మా అని.

"ఎవరిస్తున్నారు బాబాయిగారూ వేరుచేసి? అన్నీ ఒకే కవర్లో కట్టి గిరాటేస్తారండి. మొన్న అందులో చెయ్యి పెడితే పగిలిన సీసా గుచ్చుకుందండి. పిల్లల డైపర్లూ, కూరలూ, మందుసూదులూ అన్నీ కలిపేనండి. అలా కలిసిపోయాక వానపాములేం చేస్తాయండీ?"

వేలికి కట్టుకున్న గుడ్డ చూపించింది. నేను మారుమాట్లాడలేకపోయాను. ఇలాంటివాళ్ళకు చాలా ఊళ్ళలో నెలల తరబడి జీతాలు అందవు. చేతికి తొడుగులుండవు. వెనకటి రోజుల్లో కొందరి నెత్తిన పెట్టిన భారాన్నే పేరు మార్చి మళ్ళీ బలహీనుల నెత్తిన పెడుతున్నాం. అప్పుడు కనీసం వంటింటి చెత్తలో గాజుముక్క ఉండేది కాదు.

అందుకే నా సణుగుడు పంచాయతీ మీద కంటే ఇళ్ళ మీద ఎక్కువ. తడిచెత్త గడప దాటకుండా చూడండి. గేదె లేకపోతే దొడ్డి మూల రెండు సిమెంటు వరలు పెట్టుకోండి. తొక్కలు వేసి, పైన ఎండుటాకులో, మట్టో చల్లండి. ఒకటి నిండి మాగేలోపు రెండోదాంట్లో వేసుకోవచ్చు. వాసన రాదు, ఈగలు ముసరవు, ఏడాది పొడుగునా కూరపాదులకు ఎరువు కొనక్కర్లేదు. గాజు, సూదులు, డైపర్లు విడివిడిగా కాగితంలో చుట్టి, ఇదీ అని చెప్పి బండికివ్వండి. బజారుకు వెళ్ళేటప్పుడు గుడ్డసంచి పట్టుకెళ్ళడానికి పథకం అక్కర్లేదు.

శుభకార్యాలకు సిద్దిపేట జిల్లా ఊళ్ళు దారి చూపించాయి. అక్కడ స్టీలు బ్యాంకులని పెట్టి పళ్ళేలు, గ్లాసులు అద్దెకిస్తున్నారు. మా రామాలయం గుండిగల పద్ధతే మళ్ళీ వచ్చిందని తెలిసి మనసు నిండింది. ప్రతి ఊళ్ళో డ్వాక్రా సంఘాలు ఈ పని చెయ్యగలవు. వాళ్ళకు నాలుగు రూపాయలు, కాలవకు ఊపిరి. పంచాయతీలు చెత్త వేరుచేసేవాళ్ళకు నెలనెలా జీతం ముందు ఇవ్వాలి, తర్వాతే మిగతా ఖర్చులు. ప్యాకెట్లు అమ్మి లాభం తీసుకునే కంపెనీలు ఖాళీ ప్యాకెట్లు వెనక్కి తీసుకోవాలని చట్టమే చెబుతోంది. పల్లెటూరి కొట్టు దాకా సరుకు పంపగలిగినవాళ్ళు అదే బండిలో ఖాళీవి వెనక్కి తీసుకెళ్ళలేరా? గ్రామసభలో ఈ మాట అడగండి, తీర్మానం రాయించండి, కలెక్టరుకు పంపండి.

మీ ఇంటి చెత్త ఊరి చెత్త అయ్యాక ఏ ట్రాక్టరూ, ఏ షెడ్డూ దాన్ని మాయం చెయ్యలేవు. అది కాలవలోకి వెళ్ళి, చెరువులోకి వచ్చి, మీ పిల్లల గ్లాసులోనే తేలుతుంది. దొడ్లో వరలకు చోటు లేకపోతే, రేపు పొద్దున బండి వచ్చేసరికి ఒక్క సంచి బదులు రెండు సంచులు పెట్టండి, తడిది వేరుగా, పొడిది వేరుగా.